ఎలియాజరు ఎత్తిన చెయ్యి

రెండు వేల నాలుగు ఎన్నికలప్పటి మాట. ఆ ఉదయం త్రినాధరావు అనకాపల్లి గేటు వీధి మొగలో టీ కొట్టు బల్ల మీద కూర్చుని రెండు టీలు చెప్పి, తన పథకం విప్పాడు. బెల్లం మార్కెట్లో కాటా వేసే త్రినాధరావుకి పార్టీ వార్డు అధ్యక్ష పదవి మీద ఎప్పట్నుంచో మనసుంది. సాయంత్రం స్కూలు మైదానంలో అభ్యర్థిగారి సభ. వీధిలోంచి నూటయాభై మందిని తెస్తానని మాటిచ్చేశాడు. తేవడం కష్టం కాదు. అభ్యర్థిగారు ప్రశ్న వేయగానే అన్ని చేతులూ ఒక్కసారి లేవడమే కష్టం. కిందటి సభలో మూడే లేచాయి, అందులో ఒకటి వీపు గోక్కోడానికి లేచింది.

రెండో టీ ఎలియాజరుది. రైల్వే గేటు దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు, వీధి చర్చిలో సంఘపెద్ద. ఆరాధనలో ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో గుర్తుపెట్టుకునే ఓపిక ఎవరికీ లేక, అందరూ ఆయన్ని చూసి లేచేవారు, ఆయన్ని చూసి కూర్చునేవారు. క్రిస్మస్‌కి కేకు తినడానికి వెళ్లినప్పుడు త్రినాధరావు ఈ సంగతి కనిపెట్టాడు. కనిపెట్టినవాడు ఊరుకోవాల్సింది.

"ముందు కుర్చీలో కూకో బావా. నువ్వు సెయ్యెత్తితే ఎనకాల అందరూ ఎత్తుతారు."

"ఏటడుగుతారు?"

"రోడ్డొచ్చిందా, లైట్లొచ్చేయా. అన్నీ వచ్చినయ్యే."

"వచ్చినయ్యయితే ఎత్తుతాను," అన్నాడు ఎలియాజరు.

ఆ మాటలో షరతు ఉందని త్రినాధరావు గమనించలేదు. ఇరవై ఏళ్లుగా రోజూ ఆ బల్ల మీద పక్కనే కూర్చుని టీ తాగే మనిషి మాటని అంత పరీక్షగా ఎవరు వింటారు? ఇంటింటికీ తిరిగి, ఉపన్యాసం వినక్కర్లేదు, ఎలియాజరు ఏం చేస్తే అది చేయండి చాలని చెప్పి వచ్చాడు. వినక్కర్లేదన్న మాట జనానికి బాగా నచ్చింది.

సాయంత్రం అంతా అనుకున్నట్టే మొదలైంది. రోడ్డు వచ్చిందా అని అభ్యర్థిగారు అడిగారు. ఎలియాజరు చెయ్యి లేచింది, వెనక నూటయాభై చేతులు లేచాయి. వీధి దీపాలు? మళ్లీ లేచాయి. అభ్యర్థిగారు ఆనందం పట్టలేక, స్టేజీ మెట్ల మీద నిలబడ్డ త్రినాధరావుని చూసి తల ఊపారు. త్రినాధరావుకి పదవి చేతికందినట్టే అనిపించి, తర్వాతి మాటలు చెవికెక్కలేదు.

"మా పాలనలో కుళాయి నీళ్లు రాని ఇల్లు ఒక్కటుంటే చెయ్యెత్తమనండి," అన్నారు అభ్యర్థిగారు.

గేటు వీధిలో పైపులు వేసి రెండేళ్లయింది. ఇంతవరకూ చుక్క రాలేదు. ఆడవాళ్లు పట్టాలు దాటి బోరు నీళ్లు మోస్తున్నారు. ఎలియాజరు కాసేపు ఆలోచించి, అడిగారు కాబట్టి చెప్పాలనుకుని చెయ్యెత్తాడు. నూటయాభై చేతులు లేచాయి. వాళ్లని చూసి, ఇంట్లో రెండేసి కుళాయిలున్న పక్కవీధి వాళ్లూ ఎత్తారు. జెండాలు పట్టుకున్నవాళ్లు జెండాలతో సహా ఎత్తారు. మెట్ల మీద త్రినాధరావు కూడా ఎత్తాడు. పేపరు ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే ఫోటో తీశాడు.

అభ్యర్థిగారి మొహం చూశాకగాని త్రినాధరావుకి సంగతి అర్థం కాలేదు. పరుగున వెళ్లి ఎలియాజరు ముందు నిలబడ్డాడు.

"సెయ్యి దించు బావా."

"అడిగేరు, సెప్పేను. నీళ్లొచ్చేయంటే దించుతాను."

త్రినాధరావు ఆ చెయ్యి పట్టుకుని లాగాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. అంతటితో ఆగినా బాగుండేది. స్టేజీ మీదకి వినపడాలని, ఇతను అవతల పార్టీ మనిషి, బయటికి నెట్టండని కార్యకర్తలతో గట్టిగా అన్నాడు.

ఎలియాజరు లేచాడు. నూటయాభై మందీ లేచారు. ఆయన మైదానం గేటువైపు నడిచాడు, వాళ్లూ నడిచారు. వాళ్లకి చెప్పిందే అది. ఇంతమంది పోతున్నారంటే బయట పులిహోర పొట్లాలు పంచుతున్నారనుకుని మిగతా జనం వెనకే పరిగెత్తారు. పది నిమిషాల్లో మైదానంలో కుర్చీలు, అభ్యర్థిగారు, త్రినాధరావు మిగిలారు.

మర్నాడు పేపర్లో నీళ్ల కోసం జనం వాకౌట్ చేశారని వార్త, పైన త్రినాధరావు చెయ్యెత్తిన ఫోటో. పదవి పోయిందనుకుని అతను ఇల్లు కదల్లేదు. ఎలియాజరు దగ్గరికి వెళ్లాలని రోజూ అనుకున్నాడు. సిగ్గుతో కొన్నాళ్లు, పార్టీవాళ్లు చూస్తారన్న భయంతో కొన్నాళ్లు గడిచిపోయాయి.

అభ్యర్థిగారు ఎలాగో గెలిచారు. చెయ్యి లాగడం మరిచిపోయారు గాని, పేపర్లో పడ్డ ఆ ఫోటో ఆయన మరిచిపోలేదు. జూలైలో గేటు వీధికి నీళ్లు వదిలి, అదే మైదానంలో సభ పెట్టి, త్రినాధరావుని పిలిచి మెడలో దండ వేశారు. తన సభలో తననే నిలదీసిన కార్యకర్త ఇతనని, పార్టీకి ఇలాంటి ధైర్యస్థులే కావాలని, వార్డు అధ్యక్షుడు ఇక ఇతనేనని చెప్పి మైకు చేతికిచ్చారు. ఎలియాజరని ఒక్క పేరు చెబితే చాలు. త్రినాధరావు థాంక్యూ సార్ అని మైకు ఇచ్చేశాడు. ఎదురుగా గేటు వీధికి వేసిన కుర్చీలన్నీ ఖాళీ. ఎలియాజరు రాలేదు మరి.

దండతోనే ఎలియాజరు ఇంటికి వెళ్లాడు. ఆయన కుళాయి కింద బిందె పెట్టి నిలబడ్డాడు. చొక్కా భుజం దగ్గర వేరే రంగు దారంతో కుట్టు.

"తప్పు సేసేను బావా. క్షమించు."

"ఆ సభ తరవాత ఆదివారమే క్షమించీసేను."

"అయితే రేపు టీకి రా."

ఎలియాజరు నిండిన బిందె పక్కకి జరిపాడు. "ఎత్తమన్నది నువ్వే. నిజం కోసం ఎత్తితే అవతల పార్టీవోణ్ణన్నదీ నువ్వే. క్షమించడం దేవుడి ఆజ్ఞ బావా. టీ తాగడం నా ఇష్టం."

మర్నాడు వార్డు అధ్యక్షుడు త్రినాధరావు అలవాటుకొద్దీ రెండు టీలు చెప్పి, రెండూ తనే తాగాడు.