సూర్యప్రకాశంగారి శ్రావణం

ఆ ఆదివారం పొద్దున్నే కూరలు తెస్తానని సంచీ పుచ్చుకుని వెళ్లిన సూర్యప్రకాశం మేష్టారు కూరలు తేలేదు. కొవ్వూరు అవతల, వానకు కరిగిన పాత ఊరి పాటిదిబ్బ మీద స్నేహితుడు జగన్నాథరావుతో కలిసి మట్టి కెలికి, ఒక రాగి రింగు తెచ్చారు. దానికి ఒక చెవిపుల్ల, గోళ్లు గీరే పుల్ల, వెంట్రుకలు పీకే చిన్న శ్రావణం వేలాడుతున్నాయి. అన్నిటికీ ఆకుపచ్చగా చిలుం పట్టింది.

లెక్కలు చెప్పి రిటైరైన ఆయనకు పాత వస్తువుల పిచ్చి. ఇదివరకోసారి రాజముద్ర అనుకుని రాజమండ్రిలో మ్యూజియానికి పట్టుకెళ్లింది సోడా కంపెనీ మూతని తేలింది. అప్పట్నుంచి ఊరికి ఆయన సోడా మేష్టారు. ఈసారి ఆ పేరు పోవాలి. చిలుమే వయసుకు సాక్ష్యం కనుక, ఎవరూ ముట్టుకోని చోటని రింగును దేవుడి గూట్లో దాచి, మ్యూజియం అధికారి శరత్‌చంద్రగారికి ఫోన్ చేశారు. లైను బాగులేక అరవాల్సి వచ్చింది.

"శుక్రవారం సాయంత్రం మా ఇంటికి రావాలండి. శ్రావణం మీరు చూసి తీరాలి."

వంటింట్లో మాణిక్యాంబగారి చేతిలో గరిటె ఆగిపోయింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి తన నోములంటే పేపరు అడ్డం పెట్టుకున్న మనిషి, శ్రావణ శుక్రవారానికి స్వయంగా జనాన్ని పిలుస్తున్నారు. ఎంతమంది వస్తారని అడిగితే, ఎంతమంది చూస్తే అంత మంచిదన్నారాయన. ఆవిడ వీధి వీధంతా బొట్టు పెట్టి పిలిచి వచ్చారు. గురువారం దేవుడి గూట్లో సామానంతా దింపి చింతపండుతో తోమారు. చెవిపుల్లను చూసి, దీపం ఒత్తి ఎగదోయడానికి భలే పనికొస్తుందనుకున్నారు.

శుక్రవారం బస్టాండు నుంచి అధికారిని వెంటబెట్టుకొచ్చిన మేష్టారికి గుమ్మం నిండా చెప్పులు కనిపించాయి. ఊరికి తన విలువ ఇప్పటికి తెలిసిందని మురిసిపోతూ లోపలికి నడిచారు. హాలు నిండా పేరంటాళ్లు. అమ్మవారి ముందు పక్కింటి లోవలక్ష్మిగారు తళతళలాడే చెవిపుల్లతో ఒత్తి ఎగదోస్తున్నారు.

శరత్‌చంద్రగారు రింగు అడిగి తీసుకుని, నూనె తుడిచి, వెలుతురులో తిప్పి చూశారు.

"పాతదే అయ్యుండొచ్చండి. చిలుం పోయాక నేనేం రాసిచ్చేది? నిన్న కొన్నదన్నా కాదనలేను."

మేష్టారికి కోపం నెత్తికెక్కింది. భార్య వైపు గిరుక్కున తిరిగారు. ఆవిడ శనగలు పంచుతూ, ఈ పేరంటం తమ వారి పూనికేనని, ఫోన్లు కూడా ఆయనే చేశారని అందరికీ చెప్పుకుంటున్నారు. ఆ ముఖంలో అంత సంతోషం ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఏవండీ, వీరు మీ స్నేహితులాండి?" అన్నారు మాణిక్యాంబగారు.

"అవును. నీ పూజ చూస్తారని నేనే రమ్మన్నాను."

శరత్‌చంద్రగారు కాదనలేదు. విస్తరి ముందు కూర్చుని, బూరెలు మాత్రం ఈ కాలానివేనని నిర్ధారించి, ఇంకో రెండు వేయించుకున్నారు.