ములాఖత్తులో కత్తి

ఆ సోమవారం పొద్దున మరియదాసు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. గుణదలలో బస్సెక్కి గవర్నరుపేటలో దిగడం, బావమరిది అంతోనిని జైల్లో చూడటానికి దరఖాస్తు పెట్టడం, ఆ తరవాత తను పనిచేసే కాలవల ఆఫీసుకు వెళ్ళి, అసలెక్కడికీ వెళ్ళనట్టు ముఖం పెట్టుకుని కూర్చోవడం. దరఖాస్తు అన్న మాటలోనే ‘కాస్త’ వినిపిస్తోంది కదా, కాస్త పనే అని ధైర్యం చెప్పుకున్నాడు.

కాస్త పనికి కొండంత భయం. అది ఎమర్జెన్సీ కాలం. పేపర్లకు కోత, కరెంటుకు కోత, నోటికి కోత. మిల్లు యూనియన్లో జెండా మోసినందుకు అంతోనిని ఏడు నెలల కిందట తీసుకుపోయారు. అతని భార్య హన్నా మొన్న నెల తక్కువ పిల్లవాడిని కన్నది. ‘పేరు నేనే చెబుతాను, అప్పటిదాకా జ్ఞానస్నానం చేయించొద్దు’ అని అంతోని ఎప్పుడో కబురు పంపాడు. పిల్లవాడేమో పాలు తాగడం మానేసి మూలుగుతున్నాడు.

“పేరు పెట్టకుండానే బిడ్డకేమన్నా అయితే ఆ పాపం ఎవరిదండీ? నా తమ్ముడిదా, మీదా?” అంది శౌరమ్మ, తమ్ముడి కోసం చేసిన ఎండురొయ్యల పచ్చడి సీసాని మొగుడి సంచిలో పెడుతూ.

“మెల్లగా మాట్లాడవే! పక్కింటాయన తోడల్లుడు పోలీసు.”

“బ్యాండుమేళంలో పోలీసండీ. బూరా ఊదుతాడు.”

“ఊదే అలవాటున్నవాడు మన సంగతి మాత్రం ఊదకుండా ఉంటాడా?”

గవర్నరుపేటలోని సర్కారు ఆఫీసు ఆవరణలో ఏ గదికా గదికి బోర్డుంది. కానీ ‘జైలు’ అనే మాటున్న బోర్డు కింద నిలబడితే ఎవరైనా చూస్తారని మరియదాసు అటు తల కూడా తిప్పలేదు. వరండాలో స్టూలు మీద కూర్చున్న ప్యూను రత్తయ్య దగ్గరకు వెళ్ళి, చెవిలో నోరు పెట్టాడు.

“ఒక పని మీద వచ్చానండి. కాస్త గుట్టుగా జరగాలి.”

రత్తయ్య ఎగాదిగా చూశాడు. “మీకేనా?”

“నాకేనండి. మా ఇంట్లో పోరు పడలేక వచ్చా.”

“అర్థమైందిలెండి. సిగ్గెందుకండీ, ఇది దేశసేవ!”

దేశద్రోహం అంటాడనుకున్న చోట దేశసేవ అనేసరికి మరియదాసు గుండె కుదుటపడింది. కొంప మునిగింది అక్కడే. ఆ రోజుల్లో ఆ ఆఫీసుకొచ్చి చెవిలో గుసగుసలాడే మగవాళ్ళంతా వచ్చేది ఒకే పనికి: కుటుంబ నియంత్రణ ఆపరేషనుకి. ప్రతి ఉద్యోగీ ఒక కేసు తెచ్చి తీరాలని పైనుంచి హుకుం. వారం రోజులుగా కేసు దొరక్క నిద్రపట్టని రత్తయ్య, తనంతట తానే నడిచొచ్చిన కేసు చెయ్యి గట్టిగా పట్టుకుని మూలగదిలో నర్సు ఆదెమ్మ ముందు కూర్చోబెట్టాడు.

“పిల్లలెంతమందండీ?” అంది ఆదెమ్మ.

“ముగ్గురు ఆడపిల్లలండి. వాళ్ళని తీసుకురానులెండి, నేనొక్కణ్ణే.”

“మీరొక్కరు చాలు. మగపిల్లాడు లేకుండానే వచ్చారా? ఎంత పెద్ద మనసండీ! అయిదు నిమిషాల పని, సంతకం పెట్టండి.”

“అయిదేనా! ఏడు నెలలైందమ్మా, అరగంట ఇప్పించండి.”

“అరగంటా? డాక్టరుగారు అంతసేపు చెయ్యరండీ!”

ములాఖత్తుకు డాక్టరెందుకో మరియదాసుకు తెలియలేదు. అడిగితే అనుమానిస్తారు. కాగితం చదివితే, సర్కారునే అనుమానిస్తున్నాడంటారు. చదవకుండా సంతకం గీకేశాడు.

“ఈ సీసా ఏంటి, శాంపులా?”

“రొయ్యల పచ్చడమ్మా. లోపలున్నాయనకి.”

“డాక్టరుగారికా! పాపం, ఆయనకెవరూ ఏమీ తేరండీ,” అంటూ ఆదెమ్మ సీసా తీసుకుని భద్రంగా దాచింది.

తరవాత వ్యాను వచ్చింది. దాని కిటికీలకు ఇనప ఊచలు. ఇవాళే చూపిస్తారు కాబోలని ఎక్కాడు మరియదాసు. అది జైలుకు కాక ఒక బడి ముందు ఆగింది. లోపలికి పోగానే ఎవరో చొక్కా, పంచె విప్పించి తెల్లటి అంగీ చేతికిచ్చారు. ఖైదీ బట్టలు! మరియదాసు అంగీని వెనక్కి తోశాడు.

“అమ్మా, నేను చూసిపోదామని వచ్చానండి, ఉండిపోడానికి కాదు!”

“ఇక్కడిదాకా వచ్చాక అందరూ ఇలాగే అంటారండీ,” అంది వెంట వచ్చిన ఆదెమ్మ.

అంతలో లోపలి గది తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగబట్టి, గోడ పట్టుకుని నడుస్తున్నారు. ప్రతివాడి చేతిలో బహుమతిగా ఇచ్చిన ప్లాస్టిక్ బకెట్టు.

“లోపల ఏం చేశారండీ?” అని ఒకాయన్ని అడిగాడు మరియదాసు.

“ఏం చెప్పమంటారు! కళ్ళు మూసుకోండి, తొందరగా అయిపోద్ది.”

లాఠీ దెబ్బలే! సందేహం లేదు. మరియదాసు రెండు చేతులూ జోడించాడు. “అంతోని ఎవడో నాకు తెలీదు! వాడి జెండా నేను ముట్టుకోలేదు! వాణ్ణి బావమరిది అని చెప్పుకోడానిక్కూడా నాకు సిగ్గు!” అని కేకపెట్టాడు.

ఆ కేకకు, ఆపరేషన్ల శిబిరం చూడటానికి వచ్చిన ఆఫీసరు లేచి వచ్చాడు. సంగతంతా రాబట్టి, తాపీగా నవ్వాడు.

“ములాఖత్తా? దానికీ సంతకం నాదేనండీ. ఇది కుటుంబ నియంత్రణ శిబిరం, పొరపాటున వచ్చారు, ఫరవాలేదు. అదిగో తలుపు, వెళ్ళిపోవచ్చు.”

మరియదాసు పంచె అందుకున్నాడు.

“అన్నట్టు, ఆ అంతోని మీకేమవుతాడన్నారు? మీరు పనిచేసేది ఏ ఆఫీసులో అన్నారు?”

ఒక్కసారిగా తలుపు చాలా దూరంగా, లోపలి గదిలో ఆపరేషను బల్ల చాలా దగ్గరగా కనిపించాయి మరియదాసుకు. ఉద్యోగం కళ్ళముందు తిరిగింది. దాని వెనకే, పేరు లేకుండా మూలుగుతున్న పసివాడి ముఖం.

“సంతకం ఇవాళే పెడతారా అండి?” అన్నాడు నూతిలోంచి మాట్లాడినట్టు.

“మీరు లేచేసరికి మీ చేతిలో ఉంటుంది.”

మరియదాసు తనే వెళ్ళి బల్లమీద పడుకున్నాడు. ములాఖత్తులో కత్తి కూడా ఉంటుందని అతనికి అప్పుడు తెలిసింది.

నాలుగో నాడు రైలెక్కి జైలుకు చేరాడు. పచ్చడి పోయింది గనక, శౌరమ్మ బకెట్టు నిండా అరిసెలు పెట్టి పంపింది. కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగబట్టి, గోడ పట్టుకుని వస్తున్న మరియదాసుని ఊచల అవతలనుంచి అంతోని చూశాడు. జైలు తిండికి కాస్త ఒళ్ళు చేశాడు కూడా. బావను చూసి బావమరిది బావురుమన్నాడు.

“ఎవరు బావా నిన్నిలా కొట్టింది? నా గురించి చెప్పమనేనా?”

పక్కన వార్డరు చెవులు రిక్కించి నిలబడ్డాడు. మరియదాసు అరిసెల బకెట్టు కింద పెట్టాడు.

“అదంతా ఎందుకురా? ముందు పిల్లాడి పేరు చెప్పు. వాడికి ఒంట్లో బాగాలేదు.”

“నా మీద ఒక్క మాట కూడా చెప్పలేదు కదూ? నాకు తెలుసు బావా, నువ్వు చెప్పవు. ఇంక పేరు వెతకడమెందుకు? వాడికి నీ పేరే. మరియదాసు!”

శిబిరంలో పెట్టిన కేక తలుచుకుని మరియదాసు తల వంచుకున్నాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

“అయిదు నిమిషాలైంది, పదండి,” అన్నాడు వార్డరు.

ఆదివారం గుణదలలో ఫాదరుగారు నీళ్ళు పోయగానే చిన్న మరియదాసు గుడి అదిరేలా ఏడ్చాడు, ఇంటికి రాగానే ఆబగా పాలు తాగాడు. ఆ పేరు నిలబెట్టే పని ఇక వాడిదే. పెద్ద మరియదాసు తన వంతు దేశానికి ఇచ్చేసి వచ్చాడు.