ఎనిమిది లక్షల అత్తగార్లు

ఒక సంస్థ ఎంత నాగరికంగా ఉందో తెలియాలంటే దాని మెయిల్ సర్వర్‌లో ఎన్ని ఉత్తరాలు కదలకుండా కూర్చున్నాయో చూడాలి. ఆ లెక్కన కుమాసి నగరంలోని మా రహదారి బోర్డుల సంస్థకు సాటి లేదు.

సర్వర్లు నడిపేవారికి నా మొదటి సలహా: పై అధికారుల బంధువుల ఆరోగ్యం మీద ఓ కన్నేసి ఉంచండి. (డిస్కులో చోటెంతుందో తర్వాత చూసుకోవచ్చు.) మా డిప్యూటీ డైరెక్టర్ అంపొన్సా గారి అత్తగారు సోమవారం కాలం చేశారు. మా వైపు ఆచారం ప్రకారం ఆవిడ అంత్యక్రియల రంగుల పోస్టరును ఆయన తొమ్మిది వందల మంది సిబ్బందికీ మెయిల్ చేశారు. గోడంత బొమ్మ, మెడలో పూసలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మా వైపు సంతాపం చెప్పనివాడు అంత్యక్రియలకు రానివాడితో సమానం. అందుకని తొమ్మిది వందల మందీ అందరికీ కనబడేలా జవాబిచ్చారు, పోస్టరు తీసేస్తే పోయినావిడకు అవమానమని దాన్ని కూడా జతచేసి మరీ. ఎనిమిది లక్షల పదివేల అత్తగార్లు సర్వర్‌లో వరుస కట్టారు.

సర్వర్ చూసే అఫ్రియె కాంట్రాక్టు ఉద్యోగి. అంపొన్సా గారి గదికి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను.

"సార్, పోస్టరు ఒక్కచోట పెట్టి లింకు పంపుదాం. చూసేవాళ్ళు అక్కడికెళ్ళి చూస్తారు."

"అంటే మా అత్తగారిని ఓ మూలన పడేసి, కావాల్సినోళ్ళు పోయి చూసుకోండి అనమంటావా?"

"అది కాద్సార్. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ వరుసలోనే ఇరుక్కుంది. శుక్రవారం ఐదింటికల్లా జవాబివ్వకపోతే ఉద్యోగం పోద్ది."

"బతికున్నదానివి, నీకేం తొందరమ్మా?"

సాయంత్రానికి ఆయన దగ్గర్నుంచి మెయిళ్ళ ఏడో నియమం వెలువడింది: దుఃఖ సందేశాలకే తొలి దారి, వాటిలోనూ హోదా ప్రకారం. (డ్రైవర్ల దుఃఖం చివర.) నియమం కూడా మెయిల్‌లోనే వెళ్ళడంతో ఎవరికీ అందలేదు. అఫ్రియెకు మాత్రం పిలిచి చెప్పారు.

సర్వర్‌కు ఇచ్చే ఒక్క ఆదేశంతో ఆమె తన కాగితాన్ని ముందుకు తెచ్చుకోగలదు.

"నొక్కెయ్యవే, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"ఎవరి మెయిలూ ముందుకు తొయ్యనని ఆరేళ్ళుగా అందరికీ చెప్తున్నానక్కా. నాది తోసుకుంటే రేపు ఏ మొహం పెట్టుకుని కాదంటాను?"

నాకు ఒళ్ళు మండింది. ఇంత నిజాయితీ ఏ సర్వర్‌కూ పనికిరాదు.

శుక్రవారం పొద్దున్నే అఫ్రియె రాజధాని అక్రాలోని ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసింది.

"పంపాం కదమ్మా."

"నాకు అందలేదు సార్."

"అయితే అందలేదని మెయిల్ పెట్టు."

ఐదు గంటలైంది. అఫ్రియె బల్ల సర్దుకుని, అందరికీ చెప్పి వెళ్ళిపోయింది. మా వాళ్ళు మనసున్నవాళ్ళు. తొమ్మిది వందల మందీ ఆమె ఫొటో జతచేసి అందరికీ వీడ్కోలు పంపారు.

ఆ ఉద్యోగానికి ప్రకటన పత్రికలో వేశారు, దరఖాస్తులు మెయిల్‌లో మాత్రమే పంపాలని. నెల గడిచినా ఒక్కటీ రాలేదు. ఈ తరానికి కష్టపడి పనిచేసే బుద్ధి లేదని అంపొన్సా గారు బాధపడుతూ, ఆ మాట అందరికీ మెయిల్ చేశారు.