జవాబుల గదికి తాళం

...అయినా ప్రోగ్రాం ఉచితమే కదా, ఆవిడ రాసిన జవాబులకు తాళం దేనికి, అని పళ్లు తోముకుంటూనే ఆలోచిస్తున్నాడు మాజీ లైబ్రేరియన్. లైబ్రరీల్లో పుస్తకాల రాకపోకలు చూసే ఆ కంప్యూటర్ ప్రోగ్రాంను రాసింది తనే. ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని ఊరికే ఇచ్చేశాడు. వాడేవాళ్ల సందేహాలకు పదకొండేళ్లపాటు ఓపిగ్గా జవాబులు రాసింది మాత్రం భార్య. ఆవిడ పోయాక చూసుకునే ఓపిక లేక, ప్రోగ్రాం పేరునూ, ఆ జవాబులున్న సైటునూ ఒక కంపెనీకి అమ్మేశాడు. ప్రోగ్రాం ఇప్పటికీ ఉచితమే; పాత జవాబులు మాత్రం సేవా ఒప్పందం కొన్నవాళ్లకే. ఆవిడ ఉన్నప్పుడు ఒక్కటీ చదవలేదు. ఇప్పుడు ఒక్కటైనా చదవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

కొత్తవాళ్లకు ఒక ఫిర్యాదు ఉచితం. దానికి సరిపోయే పాత జవాబుంటే పంపిస్తారు. అంతే అతని పథకం. ఫోన్ చేశాడు.

"చెప్పండి సార్, ఏంటి సమస్య?" అంది సపోర్టు అమ్మాయి.

సమస్యేమీ లేదు. "తేదీ ఒక రోజు వెనక చూపిస్తోందమ్మా," అని నోటికొచ్చింది చెప్పాడు.

"అయ్యో! అయితే పుస్తకాలు తిరిగిచ్చే గడువులన్నీ తప్పేనా?"

"అన్నీ కాదులే..." అని నసిగాడు.

ఆ నసుగుడే కొంప ముంచింది. ఏది తప్పో ఏది ఒప్పో తెలియదంటే మరీ ప్రమాదమని ఆమె పై అధికారికి చెప్పింది. ఆయన లైబ్రరీలన్నిటికీ హెచ్చరిక పంపాడు. మధ్యాహ్నానికి సగం లైబ్రరీలు పుస్తకాలివ్వడం ఆపేశాయి. మిగతా సగం, ఎందుకైనా మంచిదని, సేవా ఒప్పందాలు కొనేశాయి.

లైబ్రేరియన్‌కు ఈ కబురు చేరింది. మళ్లీ ఫోన్ చేశాడు. "తప్పేమీ లేదమ్మా, నేనే కల్పించాను!"

"ఊరుకోండి సార్, మీ మొహమాటం! ఇంత అమ్మకం ఎప్పుడూ లేదట. మీ ఫొటో ఆఫీసు గోడకు పెట్టిస్తారట."

"నేనింకా బతికే ఉన్నానమ్మా! అసలా ప్రోగ్రాం రాసిందే నేను."

"అందరూ అలాగే అంటారు సార్. ఇదిగో, పాత జవాబొకటి దొరికింది. పంపిస్తున్నా."

తెర మీద ఆవిడ మాటలు. "ప్రోగ్రాంలో తప్పేమీ లేదండీ. మా ఇంట్లోనూ ఒకాయన తేదీ తప్పని పొద్దున్నుంచీ గోల. తీరా చూస్తే నిన్నటి పేపరు ముందేసుకుని కూర్చున్నారు. పాపం, నాతో పోట్లాడటానికి ఆయనకు ఇంకో సాకు దొరకలేదు."

అదే జవాబు లైబ్రరీలన్నిటికీ వెళ్లింది. పుస్తకాలు కదిలాయి, ఒప్పందాల డబ్బు మాత్రం వెనక్కి రాలేదు. లైబ్రేరియన్‌కు అవేవీ పట్టలేదు. ముక్కూమొహం తెలియనివాళ్లకు తన గురించి ఇంత చెప్పిందా? ఇంకేమేం చెప్పిందో!

"ఈ జవాబుతో మీ సమస్య తీరిందా?" అని తెర అడుగున ఒక ప్రశ్న ఉంది. తీరిందంటే ఫిర్యాదు మూసేస్తారు. లేదంటే ఇంకోటి వెతికి పంపుతారు.

కళ్లద్దాలు తుడుచుకుని, "లేదు" నొక్కాడు.