మంత్రిగారి కారుకు వంకాయ రంగు నీళ్లు

"ఇకమీదట ప్రభుత్వ వాహనాల ముందద్దాల మీద ఒక్క మరకైనా మిగలడానికి వీల్లేదు. ఇది నా ప్రతిజ్ఞ. ఇదే ప్రజల ఆకాంక్ష!" అని రవాణా శాఖ మంత్రిగారు తొమ్మిది మైకుల ఎదుట ప్రకటించారు. అలాంటి ఆకాంక్ష ఒకటి తమకున్నట్టు ప్రజలకు అప్పటిదాకా తెలియదు. ప్రజల మనసులో మాట ప్రజలకంటే ముందే కనిపెట్టడం మంత్రిగారికి వెన్నతో పెట్టిన విద్య.

అసలీ మహోద్యమానికి మూలం మంత్రిగారి డ్రైవరు. రోడ్డు మీద కాగితం ముక్క ఎగిరినా బండి ఆపి చూస్తాడని ఆఫీసులో అందరూ ఆయన్ని నిదానం బాబాయి అంటారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన కారు గోడకైనా గీసుకోలేదు. ఇంకో పద్దెనిమిది రోజులు ఇలాగే గడిస్తే రిటైరవుతాడు, ప్రమాదరహిత సేవా పత్రం చేతికొస్తుంది. ఆ పత్రముంటే పూర్తి పెన్షను. లేకపోతే సగం.

పాపం ఆయన అడిగింది ఒక్కటే సీసా. గ్యారేజీలో, ముందద్దం మీదికి నీళ్లు చిమ్మే వాషర్ ట్యాంకులో సబ్బునీళ్లు పోస్తున్నారు. ఆ నురగ అద్దం మీదే ఎండిపోయి, సాయంత్రం ఎండ ఎదురు కొట్టగానే అద్దమంతా సున్నం వేసినట్టు తెల్లబడుతోంది. దుకాణంలో దొరికే అసలు వాషర్ ద్రవం ఒక్క సీసా ఇప్పించమని ఆయన చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ చూసి మంత్రిగారి పీఏ అదిరిపడ్డాడు.

"బాబాయ్, ఆ ద్రవం ఏ రంగులో ఉంటుంది?"

"ఆకుపచ్చండీ."

"ప్రతిపక్షం జెండా ఏ రంగు?"

"...ఆకుపచ్చేనండీ."

"మంత్రిగారి కారు కడుపులో ప్రతిపక్షాన్ని పోస్తావా? నీకేమైనా మతి పోయిందా?"

విషయం మంత్రిగారి దాకా వెళ్లింది. సామాన్యుడైతే వేరే రంగు సీసా కొనుక్కురమ్మనేవాడు. మంత్రిగారు సామాన్యులు కారు కనుక ఏడుగురితో ఉన్నత స్థాయి కమిటీ వేశారు. ఆ ఏడుగురిలో ఆరుగురికి డ్రైవింగు రాదు, ఏడో ఆయన లైసెన్సు రద్దయింది. నిష్పాక్షికత అంటే అదీ!

మొదటి సమావేశానికి కారు సామాన్ల దుకాణదారును పిలిపించారు. అతను ఒక అద్దం పలక తెచ్చి, సగానికి నీళ్లు నిలవని పూత పూసి, మగ్గుతో నీళ్లు పోశాడు. పూత పూసినవైపు నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి.

"నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?" అన్నారు చైర్మన్.

"కిందికండీ."

"ఎవరి అనుమతితో?"

దుకాణదారు మగ్గు కింద పెట్టాడు. "ఒక్క జాగ్రత్త సార్. పూతకు ముందు అద్దాన్ని శుభ్రంగా తోమాలి. మురికి మీద పూస్తే ఆ మురికి అక్కడే ఉండిపోతుంది" అన్నాడు. చైర్మన్ తల పంకించి మినిట్స్‌లో రాయించారు: ముందు పూత పూయాలి, ఫలితాన్ని బట్టి తోమే విషయం పరిశీలించాలి.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నిదానం బాబాయి ఇక ఉండబట్టలేక, "అయ్యా, నాకు ఇవన్నీ ఎందుకండీ, ఒక్క సీసా ఇప్పిస్తే..." అన్నాడు.

"పద్దెనిమిది రోజుల్లో ఇంటికెళ్లేవాడివి, నీకెందుకయ్యా ఇంత తొందర?" అన్నారు చైర్మన్, ఎంతో ఆప్యాయంగా.

నివేదిక వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగాలని, ముందద్దాన్ని ఎవరూ ముట్టుకోరాదని ఉత్తర్వు వెలువడింది. అద్దం మీద దుమ్ము పేరుకుంది. దాని మీద పురుగులు చచ్చాయి. వాటి మీద ఒక పావురం తన అభిప్రాయాన్ని వెలిబుచ్చింది. సరిగ్గా కళ్లకు ఎదురుగా ఉన్న ఆ అభిప్రాయాన్ని బాబాయి ఒకరోజు జేబురుమాలుతో తుడిచేశాడు. సాయంత్రానికల్లా మెమో వచ్చింది: కమిటీ పరిశీలనలో ఉన్న మరకను ఏ అధికారంతో చెరిపారు?

"ఏవండీ, ఆ గుడ్డి అద్దంతో మీరు బండి నడపొద్దు. సెలవు పెట్టేయండి" అంది భార్య, కంచం ముందు పెడుతూ.

"ఎనిమిది రోజులేనే. అడుగులో అడుగేసుకుని లాగించేస్తా. ఇన్నేళ్లూ మచ్చ లేకుండా నెట్టుకొచ్చి ఇప్పుడు పత్రం పోగొట్టుకోమంటావా?" అన్నాడు. భయంగా ఉందని ఆవిడకు చెప్పలేదు, ఆవిడకు తెలుసు.

ఆరు రోజులు మిగిలి ఉండగా నివేదిక వచ్చింది. ద్రవం అధికార పార్టీ జెండా రంగులో, అంటే వంకాయ రంగులో ఉండాలని ఏకగ్రీవంగా తేల్చారు. అలాంటిది బజార్లో దొరకదు కాబట్టి పార్టీ జెండాలకు రంగులద్దే కార్యకర్తకే తయారీ అప్పగించారు. అతను పార్టీ మీద అభిమానం కొద్దీ చిక్కగా కలిపాడు.

ప్రారంభోత్సవం ఆ సాయంత్రమే అయిదింటికి, పడమటి రోడ్డు మీద. తోమని అద్దం మీద పూత పూశారు. మంత్రిగారు పీఏతో కలిసి వెనక సీట్లో కూర్చుని, "ఊఁ, నొక్కు!" అన్నారు. బాబాయి మీట నొక్కాడు. వైపర్లు కిర్రుకిర్రుమంటూ రెండు చుట్లు తిరిగాయి. ముందద్దమంతా ఈ చివర నుంచి ఆ చివరిదాకా వంకాయ రంగయింది. బయట చప్పట్లు మారుమోగాయి.

"అయ్యా, దారి కనపడట్లేదండీ" అన్నాడు బాబాయి.

మంత్రిగారు పక్క అద్దంలోంచి కెమెరాలకు చెయ్యి ఊపుతున్నారు. "నాకు బ్రహ్మాండంగా కనపడుతోంది. పోనియ్."

"మీకు కనపడేది పక్కదండీ. నాకు ముందుది కావాలండీ."

"ఇంతమంది చూస్తున్నారు, పరువు తీస్తావా? నేను చెప్తున్నాగా, నేరుగా పోనియ్!"

ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి బాబాయి ఏమీ చూడకుండా క్లచ్చి వదిలాడు. మంత్రిగారు చెప్పినట్టే కారు నేరుగా వెళ్లింది. రోడ్డు మాత్రం కుడికి తిరిగింది.

మురుగుకాలువ పెద్ద లోతేమీ కాదు. మంత్రిగారు పీఏ మీద పడటం వల్ల చిన్న దెబ్బ కూడా తగల్లేదు. బాబాయి కుడి ముంజేయి స్టీరింగుకీ తలుపుకీ మధ్య పడి రెండుచోట్ల విరిగింది. మర్నాడు పత్రికల్లో ఫోటో వేశారు: 'మురుగుకాలువలో మంత్రి ఆకస్మిక తనిఖీ. నివ్వెరపోయిన అధికారులు.'

నాలుగో రోజు పీఏ ఆసుపత్రికి వచ్చాడు. కట్టుతో మంచం మీద ఉన్న బాబాయి అతన్ని చూడగానే బావురుమన్నాడు. "ఇంకో ఆరు రోజులుంటే గట్టెక్కేవాణ్ణి సార్. నా పత్రం పోయింది."

"పోవడమేంటి బాబాయ్? అసలు ప్రమాదం జరిగితే కదా! కమిటీ ఒక్క పూటలో తేల్చేసింది. అది తనిఖీ." పీఏ సంచిలోంచి వంకాయ రంగు అంచున్న పత్రం తీసి దుప్పటి మీద పెట్టాడు. 'ముప్పై ఒక్క సంవత్సరాల సేవలో ఏ ఒక్క ప్రమాదమూ జరగలేదని ధ్రువీకరించడమైనది.' కింద మంత్రిగారి సంతకం.

భార్య పత్రాన్ని కళ్లకద్దుకుంది. బాబాయి ఎడంచేత్తో దాన్ని తడిమి తడిమి చూసుకున్నాడు. "మంత్రిగారు దేవుడండీ" అన్నాడు.

"ఆ మాట ఆయనతో చెప్తాలే. ఇదిగో, ఇందులో ఒక్క సంతకం పెట్టు." పీఏ రెండో కాగితం తీశాడు.

"ఇదేంటండీ?"

"సంజాయిషీ. నాలుగు రోజుల్నుంచీ చెప్పా పెట్టకుండా డ్యూటీ ఎగ్గొట్టావు కదా. సరైన కారణం చూపించకపోతే పెన్షను మొత్తం ఆపేస్తారు."

"చెయ్యి విరిగింది కదండీ!"

పీఏ జాలిగా ముందుకు వంగి, కలం మూత తీసి, పాళీని కాగితం మీద ఆనించాడు.

"అలాగే రాద్దాం బాబాయ్. ఎలా విరిగింది?"