ఆరీ ఆరని గంజాయి

ఆ ఉదయం కాఫీ తాగుతూ ఎలిసియో గ్రియేగో వేసుకున్న పథకంలో చావు ప్రస్తావన ఎక్కడా లేదు. పెరట్లో కోసిన గంజాయి కొమ్మల్ని పడకగదిలో తాళ్ళకు తలకిందులుగా వేలాడదీయాలి. కిటికీలు బిగించి తెరలు దించాలి. తడి దుప్పట్లు చుట్టూ ఆరేసి, ఇంటికప్పు మీది నీళ్ళ కూలర్ తిప్పాలి. మొగ్గలు నీడలో నిదానంగా ఆరేదాకా తలుపు తియ్యకూడదు. ఇంతకు మించి ఏమీ లేదు.

న్యూ మెక్సికో కొండల నడుమ ఉన్న పీనో సెకోలో గంజాయి పండించడం పెద్ద విద్యేమీ కాదు. చట్టం సరేనన్నాక మిరప మడి పక్కన ఆ మొక్క లేని పెరడు లేదు. ముసలివాళ్ళు కీళ్ళనొప్పులకని పెంచుతారు, పడుచువాళ్ళు ముసలివాళ్ళ పేరు చెప్పి పెంచుతారు. కష్టమంతా ఆరబెట్టడంలోనే ఉంది. బయట లోకంలో అందరికీ బూజు పడుతుందని భయం, ఇక్కడి వాళ్ళకు గాలి అంటే భయం. ఉతికిన చొక్కాను తాడు మీద వేసి వెనక్కి తిరిగేలోగా పెళుసెక్కించే గాలి అది. దానికి చిక్కిన మొగ్గలో పరిమళం ఎగిరిపోతుంది, ఎండుగడ్డి వాసన మిగులుతుంది.

నిరుడు ఎలిసియో విషయంలో అదే జరిగింది. ఉన్నంతలో మంచి మొగ్గలు ఏరి, సీసాలో పెట్టి, ఎదురింటి ఒఫీలియా తఫోయాకి పట్టుకెళ్ళాడు. భర్త పోయినప్పటినుంచి ఆమె ఒక్కతే ఉంటోంది. మణికట్లు వాచి రొట్టెల పిండి కూడా పిసకలేకపోతోంది. ఆమె మూత తీసి వాసన చూసింది.

"ఇది నాకు తెచ్చావా, మా గొర్రెకు తెచ్చావా?" అని సీసా తిరిగి చేతిలో పెట్టింది.

ఆ ఏడాది మొత్తంలో ఎవరైనా నిలబడి అతనితో ఆడిన మాటల్లో అదే పెద్దది. అందుకే అతనికి కోపం రాలేదు. వచ్చే ఏడు సరిగ్గా ఆరబెట్టి ఇస్తే ఆమె వచ్చి అతని వరండాలో కాసేపు కూర్చుంటుందేమో అనుకున్నాడు. అప్పటినుంచి మొక్కలకు నీళ్ళు పోసినా, ఎండుటాకు తుంచినా ఆ కూర్చోవడం కోసమే.

ఎలిసియోకి మనుషులు దూరం కావడానికి కారణం అతని ఉద్యోగమే. చాలా ఏళ్ళు ఊరి కాలువకు పెత్తందారుగా ఉన్నాడు. ఎవరి పొలానికి ఎప్పుడు నీరు వదలాలో, ఎవరి తూము ఎప్పుడు దించాలో అతని చేతిలోనే ఉండేది. అతని పెళ్ళి మాటలు నడుస్తున్న వేసవిలోనే ఆ పదవి వచ్చింది, రెండింటికీ తీరిక లేక ఒకటి వదిలేశాడు. చుట్టం లేదు, స్నేహం లేదు, వంతు దాటితే తూము దించేయడమే. మిరప మొక్కలు వాడిపోతున్న రోజున ఒఫీలియా తూము కూడా అలాగే దించాడు. న్యాయంగానే చేశాడని ఊరంతా ఒప్పుకుంది. న్యాయంగా చేసినవాడి గుమ్మం తొక్కాలని మాత్రం ఎవరికీ అనిపించలేదు. పదవి దిగిపోయాక ఆ తలుపు తట్టినవాళ్ళంటే సోలార్ పలకలు అమ్మేవాళ్ళే.

పథకం బాగానే నడిచింది. ఎలిసియో లోపల కూర్చుని రోజూ మొగ్గల్ని వేళ్ళతో ఒత్తి చూసుకుంటూ, దుప్పట్లు తడుపుకుంటూ, గ్యాసు పొయ్యి మీద బీన్స్ వండుకు తింటూ హాయిగా ఉన్నాడు. అసలు చిక్కు ఇంటికప్పు మీద ఉంది. అక్టోబరు వచ్చిందంటే పీనో సెకోలో ప్రతి ఇంటివాడూ కూలర్‌లో నీళ్ళు తోడేసి గోనెపట్టా కప్పేస్తాడు. లేకపోతే మంచుకు గొట్టాలు పగులుతాయి. పిల్లి కూడా పొయ్యి దగ్గర ముడుచుకునే ఆ చలిలో, ఎలిసియో కూలర్ పొద్దస్తమానం గుర్రుగుర్రుమంటోంది.

ఒఫీలియా కిటికీలోంచి దాన్ని చూసింది, మర్నాడు మళ్ళీ చూసింది. తెరలు దించే ఉన్నాయి, పొగగొట్టంలో పొగ లేదు, మనిషి జాడ లేదు. చలికాలంలో కూలర్ వేసుకునే వెర్రివాడు ఊళ్ళో ఎవడూ లేడు. కాబట్టి అది వేసవిలో వేసిందే అయ్యుండాలి. వేసవిలో వేసింది ఇంకా తిరుగుతోందంటే ఆపే మనిషి లేడన్నమాట. ఆమె శాలువా భుజాన వేసుకుని గుడికి బయల్దేరింది.

గుడిలో పాదిరీకి సాయంగా ఉండే డీకన్ సెఫెరీనో పెద్దమనిషి, కానీ ఒక సంగతి తలకెక్కితే దిగదు. అతన్నీ, ఎదురుపడిన మరో నలుగుర్నీ వెంటబెట్టుకుని ఒఫీలియా తన వరండాకు తిరిగొచ్చింది. ఎలిసియోని ఆఖరిసారి ఎవరు చూశారన్న చర్చ అక్కడ మొదలైంది. ఒకరు ఈస్టర్‌కి అన్నారు. ఇంకొకరు కాలువ పూడిక తీసిన రోజున అన్నారు. డీకన్ బాగా ఆలోచించి జూలై పండగ ఊరేగింపులో చూశానని తేల్చాడు. నిజానికి రెండు వారాల కిందటి ఆదివారం ప్రసాదం అతని నాలుక మీద పెట్టింది ఈ డీకనే. గుడిలో వెనక వరసలో కూర్చునే మనిషిని గుర్తుంచుకోవడం అంత తేలిక కాదు మరి.

అందరూ వెళ్ళి తలుపు తట్టారు. లోపల ఎలిసియోకి వినపడింది. సోలార్ వాళ్ళు కాబోలనుకుని, తలుపు తీస్తే పొడిగాలి లోపలికి దూరుతుందని, కుర్చీ కిర్రుమనకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఇంతలో డీకన్ ఇంటి పక్కకు వెళ్ళి తెర సందులోంచి పడకగదిలోకి తొంగిచూశాడు. తాడు మీంచి జారిన తడి దుప్పటి ఒకటి మంచమ్మీద దిళ్ళపై పరుచుకుని ఉంది. చీకట్లో అతనికి నిండా ముసుగు పెట్టుకుని కదలకుండా పడుకున్న మనిషి కనిపించాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"గంజాయి వాసన వస్తోంది" అన్నాడు, వెనక్కి వచ్చి.

"పోనీలే, హాయిగా పోయాడు" అంది ఒఫీలియా. అని, ఎందుకో శాలువా కొసతో కళ్ళొత్తుకుంది.

పోలీసులకు ముందే చెబితే శవాన్ని ఆల్బకర్కీ నగరానికి పట్టుకుపోయి పరీక్షలంటూ ఎప్పటికి తిరిగి ఇస్తారో తెలీదు. ఆ ఊరివాళ్ళు తమ మనిషికి తామే గంట కొడతారు, తామే జపమాల చెబుతారు, గొయ్యి కూడా తామే తవ్వుతారు. కాలువ నీళ్ళు వాడుకునే ప్రతి ఇంటినుంచీ ఒక పార వెళ్ళాలి. నేల రాయిలా ఉంటుంది కనక వెలుగుండగానే మొదలెట్టాలి. అతని తలుపు జపమాల వేళకు తెరవచ్చు, ఫోను ఆ తర్వాత చేసుకోవచ్చు. బతికుండగా పలకరించలేదన్న చిన్న సిగ్గు అందరిలోనూ ఉంది. అందుకని ఏర్పాట్లు మామూలుకన్నా చురుగ్గా సాగాయి. ఆడవాళ్ళు ఒఫీలియా వంటింట్లో చేరి పంది మాంసం, మొక్కజొన్న వేసి పొసోలె కుండలు పొయ్యెక్కించారు.

గుడి గంట ఆగి ఆగి మోగడం ఎలిసియో విన్నాడు. అది చావు గంట. ఎవరై ఉంటారా అని తెర కాస్త తొలగించి చూశాడు. ఒఫీలియా ఇంటి ముందు జనం ఉన్నారు. మగవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకున్నారు. ఆడవాళ్ళు కుండలు మోసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. ఒఫీలియా మాత్రం ఎక్కడా కనపడలేదు.

అతను తెర వదిలేశాడు. చేతిలో ఉన్న మొగ్గని చూసుకున్నాడు. ఒత్తితే మెత్తగా ఉంది, లోపలి కాడ విరిగీ విరగకుండా ఉంది, నిమ్మతొక్క పరిమళం వస్తోంది. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. దాన్ని మంచమ్మీద పడేసి, మూల ఉన్న పార అందుకుని, పెరటి తలుపు తీసుకుని వెళ్ళాడు. తిరిగి మూయాలని కూడా తోచలేదు.

రోడ్డు మీద మనుషులకు తన మొహం చూపించలేక ఎండిన కాలువలోంచి నడిచి శ్మశానానికి చేరాడు. గాలి దుమ్ము లేపుతోంది. తవ్వేవాళ్ళంతా మొహాలకు గుడ్డలు కట్టుకుని తలలు వంచి ఉన్నారు. గోతిలో ఉన్న టిబూర్సియో అలసిపోయాడు. ఎవరో పక్కన దిగితే వంతు మార్చడానికి వచ్చారనుకుని జరిగాడు. ఎలిసియో కాసేపు ఏడుస్తూ తవ్వాడు. ఆ తర్వాత గోతి అంచులు చూశాడు. ఏడుపులో కూడా అతనికి వంకర సహించదు.

"ఇది గొయ్యా, కుక్క తవ్విన బొరియా? ఆవిడని ఇంత వంకరలో పడుకోబెడతారా?" అన్నాడు.

కాలువ పనుల్లో ఆ గొంతు చేత ఏళ్ళ తరబడి తిట్లు తిన్న టిబూర్సియో పార వదిలేసి గోడకు అతుక్కుపోయాడు. పైన ఉన్నవాళ్ళలో ఇద్దరు మోకాళ్ళ మీద కూలబడ్డారు. మూడోవాడు కూలబడకుండా నేరుగా గేటు దాటాడు.

"ఎవర్ని, అన్నా?" అన్నాడు టిబూర్సియో, గోడను వదలకుండానే.

"ఒఫీలియాని."

"ఆవిడ తన వంటింట్లో కూర్చుని నీకోసం ఏడుస్తోంది. ఈ గొయ్యి నీదే."

ఎలిసియో గోతిని మరోసారి చూసుకున్నాడు. అప్పుడు కూడా అది వంకరగానే కనిపించింది.

అందరూ కలిసి ఊళ్ళోకి వచ్చేసరికి అతని ఇల్లు జనంతో కిక్కిరిసి ఉంది. అంతకుముందే జపమాల చెప్పడానికి వచ్చిన జనంలో అందరికన్నా ముందు లోపలికి వెళ్ళింది ఒఫీలియా. పెరటి తలుపు బార్లా తెరిచి ఉండటం, మంచమ్మీద దుప్పటి కింద దిళ్ళు తప్ప ఏమీ లేకపోవడం, చుట్టూ వేలాడే కొమ్మలు, తడి గుడ్డలు అన్నీ చూసి ఆమెకు సంగతంతా అర్థమైంది. గాలి అప్పటికే లోపల చొరబడి కొమ్మల్ని గలగలలాడిస్తోంది. గదిలో తేమ పోకూడదని ఆమె తలుపు మూసింది. పొసోలె కుండల్ని తెప్పించి మూతలు తీసి పడకగదిలో పెట్టించింది. వచ్చినవాళ్ళందర్నీ ఆవిరిలోకే తోసింది.

శవం ఎక్కడుందని డీకన్ అడిగాడు. ముందు జపమాల చెప్పమంది. ఎవరికోసమని మళ్ళీ అడిగితే, ఆ సంగతి దేవుడు చూసుకుంటాడు, ఊపిరి బాగా వదులుతూ గట్టిగా చెప్పమంది. ఇరుకు గదిలో ఊరంతా మోకాళ్ళ మీద కూర్చుని, చెమటలు కారుతూ, గంజాయి కొమ్మల కింద ప్రార్థన చెబుతుంటే కిటికీ అద్దాల మీద నీళ్ళు జారాయి.

మట్టికొట్టుకుపోయిన ఎలిసియో గుమ్మంలో నిలబడ్డాడు. ప్రార్థన మధ్యలో తెగిపోయింది. ఒఫీలియా కళ్ళు తుడుచుకుంది.

"తలుపు వెయ్యి. గాలొస్తోంది" అంది.

ఆ తర్వాత అందరూ పొసోలె తిన్నారు. బతికున్నందుకు సంతోషమని ప్రతి ఒక్కరూ అతని భుజం తట్టారు. అతని గురించి చెప్పడానికి డీకన్ మంచి మాటలు చాలా కూర్చుకున్నాడు. అవసరం లేకుండా పోయేసరికి కాస్త చిన్నబుచ్చుకున్నట్టే కనిపించాడు. చీకటి పడకముందే కుండలు కడుక్కుని ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. ఇల్లు ఎప్పటిలాగే అయిపోయింది. ఒక్కపూట ఇంతమంది మసలిన ఇంట్లో ఒంటరితనం మామూలుకన్నా పెద్దగా ఉంటుందని ఎలిసియోకి ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు గొయ్యి పూడ్చడానికి వెళ్ళాడు. తవ్వడానికి ఇంటికో పార వచ్చింది కనక పూడ్చడానికీ వస్తాయేమోనని కాసేపు గట్టు మీద కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. పూడ్చే ముందు, చూడలేక, వంకరగా ఉన్న అంచుని సరిచేశాడు.

మొగ్గలు సీసాల్లోకి ఎక్కాక అసలు పని మొదలవుతుంది. ఊరడానికి వాటిని మూతపెట్టి ఉంచాలి, రోజుకోసారి మూత తీసి కాస్త గాలి తగలనివ్వాలి. తూములు దించడం తప్ప మూతలు తీయడం ఇతని చేత కాదని, ఆ పని తనే చూసుకుంటానని ఒఫీలియా చెప్పింది. సాయంత్రం వచ్చేది, వరండాలో కూర్చునేది. వాచిన మణికట్లతో ఆ మూతలు తిప్పడానికి చాలాసేపు పట్టేది. అతను సాయం చేయబోతే వద్దనేది. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని ఆలోచించి, ఇంకా పచ్చిగా ఉందనేది.

నాలుగు వారాల్లో అయిపోవాల్సిన పని అది. క్రిస్మస్ వెళ్ళింది, మంచు కరిగింది, కాలువలో మళ్ళీ నీళ్ళు వదిలారు. ఇన్నాళ్ళూ తీసి మూసిన సీసాల్లో పీనో సెకో గాలి చేయాల్సిందంతా చేసింది. ఇప్పుడు మొగ్గని వేలితో తాకితే పొడి రాలుతోంది. నిన్న కూడా ఒఫీలియా వచ్చి కూర్చుని, మూత తీసి, తీరిగ్గా వాసన చూసింది.

"ఇంకా పచ్చిగానే ఉంది" అంది.

ఎలిసియో ఆ పొడిలోకి తొంగిచూసి, అవునన్నాడు.