వినపడని సైరన్ వల్ల లాభాలు

మోగినా ఎవరికీ వినపడని సైరన్ కంటే మర్యాదగలది లోకంలో ఇంకొకటి లేదు! నవ్వకండి. ఎనిమిదేళ్లుగా కోత మిల్లులో రంపపు పొట్టు ఊడుస్తున్నదాన్ని, తెలిసే చెబుతున్నాను.

దుంగలను రంపం దగ్గరికి తీసుకెళ్లే బెల్టు కదిలే ముందు మా మిల్లులో సైరన్ మోగాలి. దాన్ని ఎంత శ్రద్ధగా ఎంచుకున్నారనుకున్నారు? మేనేజరుగారు ఆదివారం, రంపాలన్నీ ఆగి ఉన్నప్పుడు, తన గదిలో తలుపులేసుకుని నాలుగు సైరన్లు మోగించి చూశారు. మూడేమో చెవులు చిల్లులుపడేలా అరిచాయట. నాలుగోది కోయిలలా కూసిందట. దాన్నే బిగించారు.

సోమవారం రంపాలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. పాపం, కోయిల ఏం చేస్తుంది? రంపం గొంతులో తన గొంతు కలిపేసింది!

ఎంత హాయి! ఎవరికీ ఉలికిపాటు లేదు. బీపీ లేదు. గేటు దగ్గర పిల్లి నిద్ర చెడలేదు. దాని జోడీ ఒకటి బిగించిన మేనేజరుగారి గదిలో మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. బెల్టు దగ్గర ప్రమాదం ఆయనకే కదా!

మా ఆడపడుచు పని బెల్టు కింద ఇరుక్కున్న చెక్కపేళ్లు తీయడం. మా ఆయన పోయాక నన్నీ పనిలో పెట్టించింది తనే. ఒకరోజు మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి ఉంది. అవతల ఆపరేటర్ సైరన్ బటన్ నొక్కడం నా కంటపడింది. పది లెక్కపెట్టేలోగా బెల్టు కదులుతుంది. అరిస్తే వినపడదు. పరుగున వెళ్లి చీపురుకట్టతో వీపు మీద ఒక్కటిచ్చాను.

చెయ్యి బయటికొచ్చింది. గ్లౌజు లోపలికి పోయింది.

"ఎందుక్కొట్టావ్ వదినా? ముప్పై ఏళ్ల కక్ష ఇవాళ తీర్చుకున్నావా?"

"సైరన్ మోగింది పిల్లా!"

"ఎప్పుడు?"

పీలికలైన గ్లౌజు చూశాక నోరు మూసుకుంది. నా కాపురం మొత్తంలో దక్కని లాభమిది!

ఊడుస్తుంటే సైరన్ పెట్టెలోని కాగితం దొరికింది. కూడబలుక్కుని చదివాను: 'నిశ్శబ్దంగా ఉండే గదులకు మాత్రమే.' మొన్నమొన్న అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నేనే తప్పు చదివి ఉంటాను. పెద్ద చదువులవాళ్లు చదవకుండా బిగిస్తారా?

ఇప్పుడు కొత్తది కొంటారట. "ఎలాంటిదైతే బాగుంటుందమ్మా?" అని మేనేజరుగారు నన్నే అడిగారు.

"మీకు నచ్చిందే తీసుకోండి సార్. కాకపోతే సోమవారం, రంపాలు ఆడుతుండగా చూడండి. బెల్టు కింద చెయ్యి మీరు పెట్టండి, బటన్ మా ఆడపడుచు నొక్కుతుంది. వినపడకపోయినా భయం లేదు. వెనకాల చీపురు పట్టుకుని నేనుంటాను."